పాత స్నో బ్లోయర్‌తో తడి మంచు మీదికి: ప్రాజెక్టు డైరీ

చలికాలానికి ముందు: ఏది కొనాలి

మంచును లోపలికి లాగి దూరంగా విసిరే మెషినే స్నో బ్లోయర్. ఈ ప్రాజెక్టు లక్ష్యం ఒక్కటే. ప్లౌ ట్రక్కు రోడ్డు ఊడ్చుకుంటూ వెళ్లాక డ్రైవ్‌వే మొదట్లో ఒక గట్టు మిగులుతుంది. బరువైన, మురికి పట్టిన తడి మంచు అది. చ్యూట్, అంటే మంచు బయటికి ఎగిరే గొట్టం, మూసుకుపోకుండా దాన్ని దూరంగా విసరగలిగే మెషిన్ నా చేతిలో ఉండాలి. పొడి మంచును ఏ మెషినైనా ఎగరేస్తుంది. అసలు పరీక్ష ఆ గట్టు దగ్గరే.

ముందు లెక్క వేసుకున్నాను. 15 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు ఉన్న డ్రైవ్‌వే మీద 20 సెంటీమీటర్ల మంచు పడితే 15 ఘనపు మీటర్లు. కొత్తగా పడిన పొడి మంచు ఘనపు మీటరుకు 100 కిలోలు అనుకున్నా ఒకటిన్నర టన్ను. తడిసి ముద్దయిన మంచు 300 కిలోల దాకా తూగుతుంది, అంటే నాలుగున్నర టన్నులు. పారతో ఎత్తేవాళ్ల నడుములు ఎందుకు పట్టేస్తాయో ఈ ఒక్క లెక్క చాలు.

సింగిల్ స్టేజ్ మెషిన్లో రబ్బరు రెక్కలతో అడ్డంగా తిరిగే ఆగర్ ఒక్కటే ఉంటుంది. మంచును లాగేదీ అదే, విసిరేదీ అదే. నేలను తాకుతూ తిరుగుతుంది కాబట్టి సిమెంటు నేలను శుభ్రంగా ఊడ్చేస్తుంది. తేలిక, మూలన పెట్టేయొచ్చు, 20 సెంటీమీటర్ల లోపు మంచుకు బాగా సరిపోతుంది. కంకర నేల మీద మాత్రం దాన్ని తిప్పకూడదు, రాళ్లను బుల్లెట్లలా విసురుతుంది. గట్టిపడిన గట్టుకు ఎదురెళ్తే లోపలికి తొలుచుకుపోయే బదులు దాని మీదికి ఎక్కేస్తుంది.

టూ స్టేజ్‌లో పని రెండుగా విడిపోతుంది. ముందున్న ఇనుప ఆగర్ మంచును నరికి మధ్యకు తోస్తుంది. దాని వెనక వేగంగా తిరిగే ఇంపెల్లర్ ఆ మంచును అందుకుని చ్యూట్‌లోంచి విసురుతుంది. చక్రాలను కూడా ఇంజినే తిప్పుతుంది. రెండు పక్కలా నేలకు ఆనే స్కిడ్ షూల ఎత్తు మార్చుకుంటే కంకర నేల మీదా నడుస్తుంది. త్రీ స్టేజ్‌లో మంచును లోపలికి తోయడానికి మధ్యలో ఇంకో చిన్న స్క్రూ ఉంటుంది. నా అవసరానికి అది అక్కర్లేదనిపించింది.

బ్యాటరీ మెషిన్ల గురించి గట్టిగానే ఆలోచించాను. చప్పుడు తక్కువ, కార్బ్యురేటర్ గొడవే లేదు. కాకపోతే చలిలో లిథియం బ్యాటరీ శక్తి తగ్గుతుంది, సున్నా కంటే తక్కువ చలిలో దాన్ని చార్జ్ చేయకూడదు. వాడనప్పుడు ఇంట్లో వెచ్చగా ఉంచుకోవాలి. చిన్న డ్రైవ్‌వే, మామూలు మంచు అయితే ఈరోజు నేను అదే కొనమంటాను. గట్టుతో కుస్తీ పట్టాలనుకున్నాను కాబట్టి 26 అంగుళాల వెడల్పున్న పాత టూ స్టేజ్ పెట్రోల్ మెషిన్ వైపు మొగ్గాను. పాత మెషిన్లో ఆగర్ చుట్టూ ఉండే ఇనుప రేకు మందంగా ఉంటే చాలు, మిగతావి బాగుచేసుకోవచ్చని నా నమ్మకం.

వాడిన మెషిన్ చూడ్డానికి వెళ్లేటప్పుడు అమ్మేవాళ్లకు ముందే ఒక మాట చెప్పాలి: మేం వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని. చల్లటి ఇంజిన్ ఎలా అందుకుంటుందో చూస్తేనే నిజం తెలుస్తుంది. "నిరుడు బాగానే నడిచిందండీ" అన్నారు ఆయన. పెట్రోల్ కూడా నిరుటిదేనని వాసన చూస్తే అర్థమైంది. ఇంజిన్ అందుకుంది. కానీ చోక్ సగం వేసి ఉంచితేనే నిలకడగా తిరుగుతోంది, తీసేస్తే వేగం పెరుగుతూ తగ్గుతూ ఊగుతోంది. రేకు అడుగున తుప్పు పైపైనే ఉంది. ఆగర్ గేర్‌బాక్స్ కింద నూనె మడుగు లేదు. ఆగర్ కుడి, ఎడమ రెండు భాగాలుగా షాఫ్ట్‌కు షియర్ బోల్టులతో బిగించి ఉంటుంది. అవి ఊడదీసి చేత్తో తిప్పితే కుడి ఆగర్ తిరిగింది, ఎడమది షాఫ్ట్‌కు బిర్రుగా పట్టేసింది. రెండు జబ్బులూ మందు ఉన్నవే. తెచ్చేసుకున్నాను.

కార్బ్యురేటర్

చోక్ వేస్తేనే నడవడం అంటే ఇంజిన్‌కు పెట్రోల్ చాలడం లేదన్నమాట. చోక్ గాలిని తగ్గిస్తుంది కాబట్టి వచ్చే కాస్త పెట్రోలే సరిపోతోంది. చోక్ తీస్తే మిశ్రమం పలచబడి వేగం పడిపోతుంది. వెంటనే, ఇంజిన్ వేగాన్ని నిలకడగా ఉంచే గవర్నర్ థ్రాటిల్ తెరుస్తుంది, వేగం ఎగబాకుతుంది, గవర్నర్ మళ్లీ మూస్తుంది. ఆ ఊగిసలాటకు కారణం ఇదే. చాలామంది ఇక్కడ గవర్నర్ స్ప్రింగు మీద చెయ్యి వేస్తారు. దాన్ని ముట్టుకోకుండా, పెట్రోల్ వచ్చే సన్న రంధ్రమున్న జెట్ దగ్గరికి వెళ్లడం మేలు.

పెట్రోల్ వాల్వు కట్టేశాను. కార్బ్యురేటర్ కింద గిన్నె ఒక్క బోల్టుతో నిలబడి ఉంటుంది. గుడ్డ అడ్డంపెట్టి విప్పితే గిన్నె అడుగున పచ్చటి జిగురు, దాని మీద తెల్లటి పొడి కనిపించాయి. ఇథనాల్ కలిసిన పెట్రోల్ గాలిలోని తేమను పట్టుకుంటుంది. నెలల తరబడి కదలకుండా ఉంటే లోపలి లోహం ఇలా పొడి రాలుతుంది. మెయిన్ జెట్‌ను సరిపోయే స్క్రూడ్రైవర్‌తో విప్పి, టార్చ్‌కు ఎదురుగా పట్టుకుని చూశాను. గుండ్రంగా వెలుగు కనిపించాల్సిన చోట సన్నటి నెలవంకంత చీలిక. మిగతాదంతా పూడుకుపోయింది.

ఆ రంధ్రంలోకి ఉక్కు సూదో, డ్రిల్లు ముక్కో దూర్చితే కొలత పెద్దదైపోతుంది. కరెంటు వైరులోంచి ఒక్క రాగిపోగు తీసి, కార్బ్యురేటర్ క్లీనర్‌లో నానిన జెట్‌లో నెమ్మదిగా ఆడించాను. గుండ్రటి వెలుగు వచ్చింది. జెట్ పైన ఉండే ఎమల్షన్ ట్యూబు పక్కల సన్న సన్న రంధ్రాలుంటాయి. వాటిని వదిలేస్తే పని సగమే అయినట్టు. క్లీనర్ కొట్టేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి, ఒక రంధ్రంలో కొట్టింది ఇంకో రంధ్రంలోంచి సూటిగా ముఖం మీదికే వస్తుంది. గిన్నె రబ్బరు గ్యాస్కెట్‌కు క్లీనర్ తగిలితే ఉబ్బిపోయి మళ్లీ గాడిలో కూర్చోదు, అందుకే ముందే తీసి పక్కన పెట్టాను.

బిగించి తాజా పెట్రోల్ పోసి తాడు లాగాను. చోక్ పూర్తిగా తీసేశాక కూడా ఇంజిన్ ఒకే స్వరంతో నిలబడింది. ఇలాంటి చప్పుడు వినడానికే ఈ పనులు చేస్తానేమో అనిపిస్తుంది.

ఇంకో లక్షణం కూడా రాసి పెడుతున్నాను, ఎవరికైనా పనికొస్తుంది. ఇంజిన్ బాగా స్టార్టయి కొన్ని నిమిషాలకు ఆగిపోతూ, కాసేపు ఆగితే మళ్లీ అందుకుంటుంటే, ముందు పెట్రోల్ ట్యాంకు మూత వదులు చేసి చూడాలి. మూతలో గాలి పోయే రంధ్రం మూసుకుపోతే పెట్రోల్ కిందికి దిగదు.

ఆయిల్, ప్లగ్

ఆయిల్ నల్లగా ఉంది. ఇంజిన్‌ను కాస్త వేడెక్కనిచ్చి తీసేసి, చలికి సరిపోయే 5డబ్ల్యూ30 పోశాను. స్పార్క్ ప్లగ్ కొత్తది వేసి గ్యాప్ 0.76 మిల్లీమీటర్లకు సరిచూశాను. ఎయిర్ ఫిల్టర్ కోసం వెతకొద్దు. ఈ ఇంజిన్లకు మామూలుగా ఉండదు. మంచులో దుమ్ము లేవదు, ఫిల్టర్ ఉంటే తడిసి గడ్డకట్టి గాలే ఆడదు.

పట్టేసిన ఆగర్

షియర్ బోల్టు కావాలనే మెత్తగా చేసిన బోల్టు. రాయో, గడ్డకట్టిన న్యూస్‌పేపర్ కట్టో ఆగర్‌లో ఇరుక్కుంటే అది తెగిపోయి గేర్‌బాక్స్‌ను కాపాడుతుంది. చాలా మెషిన్ల గేర్‌బాక్స్ లోపల కంచు పళ్ల చక్రం ఉంటుంది. అది పోతే ఖర్చు, తిప్పలు రెండూ పెద్దవే. ఈ రక్షణ పనిచేయాలంటే బోల్టు తెగాక ఆగర్ షాఫ్ట్ మీద స్వేచ్ఛగా తిరగాలి. తుప్పుతో షాఫ్ట్‌కు అతుక్కుపోతే బోల్టు తెగినా తెగకున్నా ఒకటే, దెబ్బంతా నేరుగా గేర్లకే.

ఎడమ వైపు నుంచి తీసిన బోల్టు తల మీద ఆరు గీతలున్నాయి. అది గ్రేడ్ 8 బోల్టు, గట్టితనం కోసమే చేసింది. ఇంతకుముందు ఎవరో తరచూ తెగుతోందని విసిగి దాన్ని వేసి ఉంటారు. గేర్‌బాక్స్ ఇంకా బతికుండడం అదృష్టమే.

అతుక్కున్న ఆగర్‌ను విడదీయడానికి కుడి వైపు సరైన షియర్ బోల్టు వేసి ఉంచాను. కుడి ఆగర్‌కూ రేకుకూ మధ్య చెక్కముక్క ఇరికించాను, షాఫ్ట్ తిరగకుండా. ఇక ఎడమ ఆగర్ మీద ఎంత బలం పెట్టినా, మరీ ఎక్కువైతే ఆ కుడి బోల్టే తెగుతుంది, గేర్ల దాకా పోదు. తుప్పు వదిలించే నూనెను ఆగర్ గొట్టం రెండు చివర్లా, బోల్టు రంధ్రంలోనూ పోసి రాత్రంతా వదిలేశాను. పొద్దున పొడవాటి చెక్క పెట్టి ముందుకూ వెనక్కూ నెడుతూ పోతే ముందు ఒక టక్కుమన్న చప్పుడు, తర్వాత వెంట్రుకవాసి కదలిక. మళ్లీ నూనె, మళ్లీ నెట్టుడు. ఎర్రటి తుప్పు బురద బయటికి కారడం మొదలయ్యాక ఇక దిగులు లేదు.

గ్రీజు పట్టించేటప్పుడు షియర్ బోల్టులు తీసేసి, ఆగర్‌ను చేత్తో తిప్పుతూ గన్ను నొక్కాలి. బోల్టులు ఉండగా నొక్కితే గ్రీజు ఒక్కచోటే ఆగిపోతుంది, చుట్టూ పాకదు. రెండు చివర్లా కొత్త గ్రీజు కనిపించేదాకా నొక్కాను. సరైన షియర్ బోల్టులు రెండు వైపులా బిగించి, ఇంకొన్ని పానాతో సహా చిన్న డబ్బాలో పెట్టి హ్యాండిల్‌కు కట్టేశాను. అవి తెగేది మంచు కురుస్తున్న చీకట్లోనే.

మొదటి మంచు

పొడి మంచు, చీలమండల లోతు. మెషిన్ హాయిగా నడిచింది. స్కిడ్ షూలను సర్దుకున్నాను: రేకు అడుగున నేలను గీకే స్క్రేపర్ బార్ కింద 3 మిల్లీమీటర్ల మందం అట్టముక్కలు పెట్టి, షూలను నేలకు ఆనించి బిగించడమే. చదునైన సిమెంటుకు ఈ ఎత్తు చాలు. కంకర అయితే రెండున్నర, మూడు సెంటీమీటర్లు లేపుకోవాలి. రెండు వైపులా ఒకే ఎత్తు లేకపోతే మెషిన్ ఒక పక్కకు లాగుతుంది.

తడి మంచు

రాత్రి మంచు పడి, తెల్లవారి వాన జల్లు తగిలింది. ప్లౌ వచ్చిపోయింది. మోకాలెత్తు గట్టు, బూడిద రంగు, తొక్కితే నీళ్లు ఊరేలా ఉంది. మెషిన్ లోపలికి తొలుచుకుని వెళ్లింది, ఒకటి రెండు మీటర్ల దూరం ఉమ్మినట్టు పోసింది, ఆ తర్వాత చ్యూట్ మూసుకుపోయింది.

తమ్ముడు పక్కనే ఉన్నాడు. "ఇంజిన్ ఆపేశావుగా అన్నయ్యా, చేత్తో లాగేస్తా" అని గ్లవ్ వేసుకున్న చెయ్యి చ్యూట్ మీద పెట్టబోయాడు.

"వద్దురా. ఆ కర్ర ఇలా ఇవ్వు."

తాళంచెవి తీసేసి, ఆగర్‌దీ చక్రాలదీ లివర్లు రెండూ వదిలేసి, కాసేపు ఆగి, కర్రతో మంచును పొడిచాను. ముద్ద వదులైన క్షణంలో ఇంపెల్లర్ ఒక్కసారిగా పావు చుట్టు తిరిగి కర్రను చ్యూట్ గోడకేసి కొట్టింది. కర్ర కొస చితికిపోయింది. ఇంజిన్ ఆగినా, ఇరుక్కున్న ఇంపెల్లర్‌లో, బెల్టులో బిగువు నిలిచి ఉంటుంది. వేళ్లు పోగొట్టుకున్నవాళ్లలో చాలామంది చ్యూట్ శుభ్రం చేస్తూ పోగొట్టుకున్నవాళ్లే. వాడు మాట్లాడకుండా కర్ర వైపు చూశాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరికీ ఇది మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు. చ్యూట్ కోసం ప్లాస్టిక్ పార మెషిన్‌కే తగిలించి ఉంచాను.

బలం ఎక్కడ పోతోంది

ఇక్కడే చాలామంది ఇంకా పెద్ద ఇంజిన్ ఉన్న మెషిన్ కొనాలని తేల్చేస్తారు. నాకు అది ఒప్పుకోబుద్ధి కాలేదు. చ్యూట్ మూసుకుపోయినప్పుడు ఇంజిన్ ఆయాసపడలేదు, అదే చప్పుడుతో తిరుగుతూనే ఉంది. బలం పుడుతోంది, మంచు దాకా చేరడం లేదు. ఆ దారిలో ముందు వచ్చేది బెల్టు, తర్వాత ఇంపెల్లర్.

బెల్టు మూత విప్పాను. ఆగర్ బెల్టు పక్కలు అద్దంలా మెరుస్తున్నాయి, అంటే జారుతోందన్నమాట. లివర్ నొక్కితే ఐడ్లర్ పుల్లీ బెల్టును చాలినంత నొక్కడం లేదు, కేబుల్ సాగిపోయింది. కొత్త బెల్టు వేసి కేబుల్ సర్దాను. కారు బెల్టు కొలతకు సరిపోయిందని వేసేయకూడదు. వీటికి ఐడ్లర్ పట్టూ విడుపూ తట్టుకునేలా అరామిడ్ దారంతో చేసిన బెల్టులు వేరే వస్తాయి. కేబుల్ మరీ బిగిస్తే లివర్ వదిలినా ఆగర్ తిరుగుతూనే ఉంటుంది, అది ఇంకా ప్రమాదం. లివర్ వదిలాక కొన్ని సెకన్లలో ఆగర్ ఆగుతోందా లేదా అని దూరంగా నిలబడి చూసుకున్నాను.

తర్వాతి తడి మంచుకు కొంచెం మెరుగు. కానీ చ్యూట్ మళ్లీ మూసుకుంది. మిగిలింది ఇంపెల్లర్.

ఇంపెల్లర్‌కు రబ్బరు అంచులు

స్పార్క్ ప్లగ్ వైరు తీసి పక్కకు కట్టేసి, చ్యూట్ ఊడదీశాను. ఆ రంధ్రంలోంచి ఇంపెల్లర్ రెక్కలు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి. రెక్క కొసకూ చుట్టూ ఉన్న డ్రమ్ముకూ మధ్య సందును డ్రిల్లు ముక్కలు దూర్చి కొలిచాను. ఒక చోట 4 మిల్లీమీటర్లు, ఇంకో చోట 7. డ్రమ్ము సరిగ్గా గుండ్రంగా లేదు. పొడి మంచుకు ఈ సందు పెద్ద లెక్కలోది కాదు. తడి మంచు మాత్రం ఆ సందులోంచి వెనక్కి జారుతుంది, రెక్క దాన్ని పూర్తిగా తోయలేదు. జారిన ముద్ద వేగం అందుకోక చ్యూట్ మెడలో ఆగిపోతుంది. దాని వెనక వచ్చేది దాన్ని ఇంకా బిగిస్తుంది.

ఆ సందును మూయడానికి రెక్కల కొసలకు రబ్బరు పట్టీలు బిగించాలి. గుడ్డ పొరలున్న కన్వేయర్ బెల్టు లాంటి రబ్బరు కావాలి, సుమారు 9 మిల్లీమీటర్ల మందం. పొరలు లేని రబ్బరు చిరిగిపోతుంది. నా ఇంపెల్లర్‌కు నాలుగు రెక్కలు. నాలుగు పట్టీలూ ఒకే కొలతకు కోసి తూకం వేశాను, తేడా ఉంటే ఇంపెల్లర్ అదురుతుంది. నాలుగింటికీ పెట్టడం కుదరకపోతే ఎదురెదురు రెండింటికైనా పెట్టాలి, ఒకటీ మూడూ పనికిరావు.

డ్రిల్లు పట్టడం కష్టం. చ్యూట్ రంధ్రంలోంచి వంకరగా వెళ్లాలి, రెక్క ఊగుతుంది. రెక్కను చెక్కముక్కతో బిగించి, సెంటర్ పంచ్‌తో గుర్తు కొట్టి, ముందు సన్న రంధ్రం, తర్వాత పావు అంగుళం బోల్టుకు సరిపోయేది వేశాను. ఒక్కో రెక్కకు రెండు బోల్టులు. రబ్బరు మీద ఇనుప పట్టీ పెట్టి, నైలాన్ ఉన్న నట్లతో బిగించాను. మామూలు నట్టు అదురుకు వదులై లోపల పడిందంటే చ్యూట్‌లోంచి తూటాగా బయటికొస్తుంది.

రబ్బరు డ్రమ్ములో అన్నిటికన్నా ఇరుకైన చోట కాస్త రాసుకునేలా సర్దాలి. చేత్తో ఇంపెల్లర్‌ను నెమ్మదిగా తిప్పి, చ్యూట్ రంధ్రం అంచుకు రబ్బరు తట్టుకోవడం లేదని ప్రతి రెక్కకూ చూసుకున్నాను. ఒక పట్టీ తట్టింది, మూలను కత్తితో ఏటవాలుగా కోశాను. చ్యూట్ బిగించి ఖాళీగా కొద్దిసేపు తిప్పితే రబ్బరు వాసన వచ్చింది, తర్వాత తగ్గిపోయింది. కొసలు డ్రమ్ము ఆకారానికి అరిగి కుదురుకున్నాయి.

తర్వాతి గట్టు మొన్నటిదానికన్నా చెడ్డది. అడుగున నీళ్లు. థ్రాటిల్ పూర్తిగా తెరిచి, చక్రాల గేరు మాత్రం తగ్గించి వెళ్లాను. ఇంజిన్ వేగం తగ్గిస్తే ఇంపెల్లర్ వేగమూ తగ్గుతుంది, చ్యూట్ మూసుకుపోవడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు. ఈసారి బురద మంచు విరగని ధారలా, డ్రైవ్‌వే వెడల్పు దాటి పచ్చిక మీద పడింది. గట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా వెళ్లినా చ్యూట్ ఒక్కసారి కూడా ఆగలేదు. అదే ఇంజిన్, అదే మెషిన్. తమ్ముడు ఆ ధార కింద నీళ్లు కారడం చూసి "ఇది మంచు కాదన్నయ్యా, నీళ్లే విసురుతోంది" అన్నాడు. నా సంతోషం మాటల్లో పెట్టలేను.

చక్రాలు జారడం

సీజన్ మధ్యలో వాలు ఎక్కేటప్పుడు చక్రాలు ఆగిపోవడం మొదలైంది. ఇలాంటి మెషిన్లలో చక్రాల వేగం మార్చడానికి పళ్ల గేర్లు ఉండవు, తిరిగే ఇనుప పళ్లెం మీద రబ్బరు అంచున్న చక్రం ఒరుసుకుంటూ తిరుగుతుంది. అది పళ్లెం మధ్యకు జరిగితే వేగం తగ్గుతుంది, అంచుకు జరిగితే పెరుగుతుంది. పెట్రోల్ తీసేసి, మెషిన్‌ను ముక్కు మీద నిలబెట్టి అడుగు రేకు విప్పాను. రబ్బరు ఇంకా మందంగానే ఉంది, పళ్లెం మీద నూనె చెమ్మ ఉంది. ఆల్కహాల్‌తో తుడిస్తే సరిపోయింది. చక్రం జరిగే ఆరు పలకల షాఫ్ట్‌కు పలచగా గ్రీజు రాశాను, పళ్లెం మీద చుక్క కూడా పడకుండా.

సీజన్ చివర

ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ తనంతట తాను ఆగేదాకా నడిపి, కార్బ్యురేటర్ గిన్నెలో మిగిలిందీ వదిలేశాను. పెట్రోల్ ఉంచేసి స్టెబిలైజర్ కలిపేవాళ్లు కలిపాక కొన్ని నిమిషాలైనా నడపాలి, లేకపోతే అది కార్బ్యురేటర్ దాకా చేరదు. నేను ఖాళీ చేయడం వైపే, జెట్‌లో ఆ నెలవంక చూశాక ఇంకా గట్టిగా. ఇదంతా గ్యారేజీ బయటే. తలుపు తెరిచి ఉన్నా లోపల ఇంజిన్ నడపకూడదు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

ఆయిల్ మార్చాను. ఆగర్ బోల్టులు తీసి గ్రీజు మళ్లీ పట్టించాను, రెండు వైపులూ వేలితో తిరుగుతున్నాయి. ఒక పక్క అరిగిన స్కిడ్ షూలను తిరగేశాను. రేకు లోపల గీసుకుపోయిన చోట్ల రంగు వేసి, చ్యూట్‌కు మైనం రాశాను. రబ్బరు పట్టీల కొసలు కాస్త అరిగాయి, బోల్టులు వదులు కాలేదు. ఇంకో సీజన్ వస్తాయి.

మిగిలిన పనులు రెండు. గేర్‌బాక్స్ కుడి సీల్ దగ్గర సన్నగా నూనె చెమ్మ కనిపిస్తోంది, వేసవిలో ఆగర్ మొత్తం దించి రెండు సీళ్లూ మార్చాలి. అది దిగినప్పుడే ఇంపెల్లర్ వెనక బేరింగ్ కూడా చేతికి అందుతుంది కాబట్టి దాన్నీ అప్పుడే మార్చేస్తాను.